స్నేహపూర్వక పోటీలో స్నేహం ఎవరితో?

షూటింగ్ క్లబ్బుల్లో సెలవు రోజుల్లో జరిగే చిన్న చిన్న పిస్టల్ పోటీలను ‘ఫ్రెండ్లీ మ్యాచ్’ అంటారు. సభ్యులు పదీ పదిహేను మంది చేరి, తలా కొంత ఎంట్రీ ఫీజు వేసుకుని, పది మీటర్ల దూరంలో టార్గెట్ కార్డులు పెట్టుకుని కాలుస్తారు. స్కోర్లు లెక్క చూసుకుంటారు. గెలిచినవాళ్ళకు ఒక చిన్న కప్పో, సర్టిఫికెట్టో ఇస్తారు. టీ తాగి ఇళ్ళకు వెళ్ళిపోతారు. ఆ పోటీ ఏ పత్రికలోనూ వార్త కాదు, ఏ రికార్డులోకీ ఎక్కదు.

ఇంత చిన్న విషయానికి సంపాదకీయం ఎందుకని పాఠకులు అడగవచ్చు. కూలి రేట్లు, గృహహింస, ఆరోగ్యం, భూమి పట్టాలు, ఇలా మన ముందున్న పనులకు కొదవ లేదు. పైగా తుపాకీ అనే వస్తువుతో స్త్రీల ఉద్యమాలకు ఎన్నడూ సుఖమైన సంబంధం లేదు. ఈ రెండు అభ్యంతరాలూ న్యాయమైనవే. అయినా ఈ విషయాన్ని ఎత్తుకోవడానికి కారణం ఉంది. హక్కుల్ని చట్టసభల్లో, కోర్టుల్లో గెలుచుకోవడం ఒక ఎత్తు. అవే హక్కులు క్లబ్బులో, సంఘంలో, ‘మనవాళ్ళ మధ్య’ నిలబడటం మరో ఎత్తు. నియమం రాసి ఉన్నచోట వివక్షను వేలెత్తి చూపించవచ్చు. నియమమే లేకుండా అంతా స్నేహం మీద నడిచేచోట వివక్షకు పేరు కూడా ఉండదు. ఫ్రెండ్లీ మ్యాచ్ అటువంటి చోటు. ఆ స్నేహం ఎవరి మధ్య ఉన్నది? ఎవరిని కలుపుకుంటుంది, ఎవరిని గుమ్మం బయట నిలబెడుతుంది? ఈ ప్రశ్నలు ఒక్క షూటింగ్ క్లబ్బుకే పరిమితమైనవి కావు. కానీ అక్కడ చాలా స్పష్టంగా కనిపిస్తాయి.

ముందు ఈ ఆట గురించి కొంచెం చెప్పుకోవాలి. ఎయిర్ పిస్టల్‌లో మందుగుండు ఉండదు. గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్ బయటకు వస్తుంది. పోటీ పిస్టల్ బరువు కిలోన్నర మించకూడదు. దాన్ని ఒక్క చేత్తోనే, ఏ ఆసరా లేకుండా పట్టుకోవాలి. టార్గెట్ నడిమధ్య పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. అంతర్జాతీయ పోటీల్లో ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద 75 నిమిషాల్లో 60 సార్లు కాల్చాలి. ఒక్కోదానికి పది చొప్పున గరిష్ఠ స్కోరు 600. క్లబ్బు పోటీల్లో సమయాన్ని బట్టి ఇరవై షాట్లకో, నలభై షాట్లకో కుదించుకుంటారు. ఇందులో గెలిపించేది కండబలం కాదు. ఊపిరి మీద అదుపు, మణికట్టు నిలకడ, చూపు, అన్నిటికన్నా ముందు మనసు కుదురు. పరుగులోనో, బరువులెత్తడంలోనో స్త్రీ పురుషులను వేరు చేయడానికి చెప్పే కారణాలు ఇక్కడ అంత సులువుగా అతకవు.

అయినా వేరు చేశారు. ఒలింపిక్ షూటింగ్‌లో స్త్రీలు మొదటిసారి పాల్గొన్నది 1968లో, మెక్సికోలో. వాళ్ళకు వేరే పోటీ లేదు, పురుషులతో కలిసే కాల్చారు. 1976లో మాంట్రియల్‌లో అమెరికాకు చెందిన మార్గరెట్ మర్డాక్ రైఫిల్ పోటీలో తన దేశస్థుడు లానీ బాషమ్‌తో సమానమైన స్కోరు చేసి, టై విడదీసే నిబంధన వల్ల రజతానికి పరిమితమైంది. జాతీయగీతం వినిపిస్తున్నప్పుడు బాషమ్ ఆమెను పై మెట్టు మీదికి తనతోపాటు ఎక్కించుకున్నాడు. 1984 నుంచి స్త్రీలకు వేరుగా పోటీలు పెట్టారు. 25 మీటర్ల పిస్టల్ ఆ ఏడాదే వచ్చింది. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ 1988లో సియోల్‌లో చేరింది. స్కీట్ పోటీ మాత్రం ఉమ్మడిగానే కొనసాగింది. 1992లో బార్సిలోనాలో ఆ ఉమ్మడి పోటీలో పురుషులందరినీ దాటి చైనాకు చెందిన జాంగ్ షాన్ స్వర్ణం గెలుచుకుంది. తర్వాతి ఒలింపిక్స్, అంటే 1996 అట్లాంటాలో, స్కీట్ పురుషులకు మాత్రమే మిగిలింది. స్త్రీలకు వేరే స్కీట్ పోటీ 2000లో సిడ్నీలో గానీ రాలేదు. ఇది ఆమె గెలుపుకు ప్రతీకారమని చెప్పలేం. కానీ గెలిచిన మనిషికి తన పతకాన్ని నిలుపుకునే అవకాశం లేకుండా పోయిందన్నది మాత్రం వాస్తవం.

వేరు చేయడం పూర్తిగా తప్పని మేము అనడం లేదు. వేరే పోటీలు పెట్టినందువల్లే వందలాది స్త్రీలకు ఒలింపిక్ రేంజిలో చోటు దొరికింది. ఉమ్మడి పోటీలే ఉండి ఉంటే, ఆడపిల్లకు పిస్టల్ కొనివ్వని కుటుంబాలు, క్లబ్బులు, దేశాలు ఆ చోట్లను మగపిల్లలతోనే నింపి ఉండేవి. రిజర్వేషన్ల గురించి మనం చేసే వాదన కూడా ఇదే. అయితే ‘వేరు’ వెంటనే ‘తక్కువ’ ఎలా వచ్చి చేరుతుందో గమనించాలి. ఎయిర్ పిస్టల్‌లో పురుషులకు 60 షాట్లు ఉంటే స్త్రీలకు 2017 వరకు 40 షాట్లే. అరవై సార్లు చెయ్యి ఎత్తితే స్త్రీ అలసిపోతుందని ఎవరు తేల్చారు? 2018 నుంచి స్త్రీలకూ 60 షాట్లయ్యాయి. ఎవరూ అలసిపోలేదు.

పారిస్ ఒలింపిక్స్‌లో 2024 జూలై 27న ఇద్దరి క్వాలిఫికేషన్ పోటీలూ ఒకే రోజు జరిగాయి. ఒకే దూరం, ఒకే టార్గెట్, అవే 60 షాట్లు. మను భాకర్ 580 స్కోరుతో మూడో స్థానంలో ఫైనల్‌కు చేరింది. పురుషుల పోటీలో సరబ్‌జోత్ సింగ్ 577 చేసి తొమ్మిదో స్థానంలో ఆగిపోయాడు. ఎనిమిదో స్థానంలో ఉన్నతనిదీ 577 స్కోరే. ఇన్నర్ టెన్లు తక్కువై ఇతను వెనకబడ్డాడు. మను కాంస్యం గెలిచింది. మూడు రోజుల తర్వాత వాళ్ళిద్దరూ కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో దక్షిణ కొరియాను 16-10తో ఓడించి మరో కాంస్యం తెచ్చారు. ఒక రోజు స్కోర్లను పట్టుకుని స్త్రీలే మేటి అని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఈ ఆటలో ఇద్దరి స్కోర్లనూ ఒకే కాగితం మీద రాయడానికి అడ్డేమీ లేదన్నదే మేము చెప్పేది.

ఇక క్లబ్బు దగ్గరికి వద్దాం. ఒలింపిక్ రేంజిలో రాసిన నియమాలుంటాయి. క్లబ్బులో ఉండేది అలవాటు. ఫ్రెండ్లీ మ్యాచ్‌లో ఇద్దరో ముగ్గురో స్త్రీలుంటే వాళ్ళకు ‘లేడీస్ కేటగిరీ’ అని వేరే కాగితం తీస్తారు. ఒక్కతే ఉంటే ఆ ఒక్కతికే మొదటి బహుమతి ఇస్తారు. పోటీ లేకుండా ఇచ్చిన కప్పు ఇంట్లో అలమరలోకి చేరుతుంది గానీ ఆమె స్కోరు పక్క లేన్‌లో కాల్చిన మనిషి స్కోరుతో పోలిస్తే ఎక్కడుందో ఎవరూ చెప్పరు. పైకి ఇది మర్యాదలాగే కనిపిస్తుంది. దాని వెనక ఉన్నది రెండు రకాల రక్షణ. ఆమె ఓడిపోకుండా ఆమెకు రక్షణ. ఆమె చేతిలో ఓడిపోకుండా మగవాళ్ళకు రక్షణ. ఈ రెండోదాని గురించి ఎవరూ మాట్లాడరు.

స్నేహం అంటే కేవలం పలకరింపు కాదు. అది ఒక వనరు. మంచి పోటీ పిస్టల్ ధర లక్ష రూపాయలకు పైమాటే. కొత్తగా వచ్చినవాళ్ళు క్లబ్బు పిస్టల్ మీదో, తోటి సభ్యులు అరువిచ్చిన పిస్టల్ మీదో ఆధారపడతారు. ఏ పిస్టల్ బాగా నడుస్తుంది, ఏ లేన్‌లో వెలుతురు సరిగ్గా పడుతుంది, రాష్ట్ర పోటీలకు ఎంట్రీ ఆఖరి తేదీ ఎప్పుడు, ఏ కోచ్ ఓపికగా చెబుతాడు వంటి సమాచారం నోటీసు బోర్డు మీద ఉండదు. మ్యాచ్ అయ్యాక టీ దగ్గర, పొరుగూరి పోటీకి కలిసి వెళ్ళే కారులో, రాత్రి పది గంటల తర్వాత వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. పిల్లల హోంవర్కు, రాత్రి వంట, అత్తగారి మందులు చూసుకోవలసిన మనిషి ఆ టీ దాకా ఉండలేదు. పరాయి మగవాళ్ళతో కారులో వెళితే ఇంట్లో, వీధిలో జవాబు చెప్పుకోవాలి. ఎవరూ ఆమెను పనిగట్టుకుని బయటకు నెట్టరు. ఆమె ఆ సమయానికి అక్కడ ఉండదు, అంతే. వివక్ష చేశారని ఎవరినీ పట్టుకోలేం. ఆర్నెల్లు గడిచాక మాత్రం ‘లేడీస్‌కి ఇంట్రెస్ట్ ఉండదండీ’ అన్నమాట వినిపిస్తుంది.

పిస్టల్ పిడి సంగతే చూడండి. పోటీ పిస్టళ్ళ చెక్క పిడులు చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో తయారవుతాయి. చేతికి అతికినట్టు కూర్చోకపోతే ట్రిగ్గరు నొక్కినప్పుడల్లా మూతి పక్కకు జరుగుతుంది. క్లబ్బు కొన్న పిస్టళ్ళకు కొన్నవాళ్ళ చేతులను బట్టే పిడులుంటాయి. చిన్న చెయ్యి ఉన్న స్త్రీ మొదటి రోజు ఆ పెద్ద పిడితో కాలుస్తుంది. గుళ్ళన్నీ ఒక పక్కకు పోతాయి. చేతిలో బలం లేదంటారు. వస్తువు సరిపోకపోతే మనిషి సరిపోలేదని చెప్పడం మనకు కొత్త కాదు. పొలం పనిముట్ల దగ్గర, ఫ్యాక్టరీ యంత్రాల దగ్గర, బస్సు మెట్ల దగ్గర ఇదే విన్నాం. చిన్న పిడి ఒకటి కొని పెడితే తీరే సమస్యను ఆడవాళ్ళ స్వభావంగా మార్చేయడంలో పితృస్వామ్యం నేర్పు ఉంది.

ఈ అలవాటునంతా ఎదిరించి నిలిచిన ఇద్దరు స్త్రీల గురించి ఇక్కడ చెప్పుకోవాలి. ఉత్తరప్రదేశ్‌లో బాగ్‌పత్ జిల్లా జోహ్రీ గ్రామానికి చెందిన చంద్రో తోమర్, ప్రకాశీ తోమర్ తోడికోడళ్ళు. పొలం పని, పశువుల పని, పెద్ద కుటుంబం చాకిరీ చేసుకుంటూ అరవై ఏళ్ళు దాటినవాళ్ళు. ఊళ్ళో తెరిచిన రైఫిల్ క్లబ్బుకు 1999లో చంద్రో తన మనవరాలికి తోడుగా వెళ్ళింది. పిల్ల బెదురుతుంటే తానే పిస్టల్ అందుకుని కాల్చింది. గుండు టార్గెట్ మధ్యలో తగిలింది. మగవాళ్ళకు తెలియకుండా నీళ్ళ జగ్గు చాచిన చేత్తో పట్టుకుని ఆమె చెయ్యి నిలిపి ఉంచడం సాధన చేసింది. కొంతకాలానికి ప్రకాశీ కూడా చేరింది. ఇద్దరూ వెటరన్ పోటీల్లో పతకాల మీద పతకాలు గెలిచారు. ఒక పోటీలో ప్రకాశీ ఢిల్లీ పోలీసు డీఐజీనే ఓడించింది. ఆమె కూతురు సీమా తోమర్ 2010లో షాట్‌గన్ ప్రపంచకప్‌లో రజతం గెలిచింది. చంద్రో 2021 ఏప్రిల్‌లో కోవిడ్‌తో మరణించింది. వాళ్ళ కథ 2019లో హిందీ సినిమాగా కూడా వచ్చింది.

సినిమాలో, పత్రికల్లో ఈ కథ ‘షూటర్ దాదీ’ల అద్భుతంగా మిగిలిపోయింది. మనం చూడవలసింది ఆ అద్భుతానికి అవసరమైన మామూలు విషయాలు. రేంజి ఊళ్ళోనే ఉంది, నడిచి వెళ్ళేంత దూరంలో. పిల్లకు తోడు వచ్చిన ముసలమ్మ చేతికి పిస్టల్ ఇవ్వడానికి అక్కడివాళ్ళు వెనుకాడలేదు. మీ వయసెంత, మీ ఆయన ఒప్పుకున్నాడా అని అడగలేదు. తోడికోడళ్ళు ఒకరికొకరు ఉన్నారు. ఊళ్ళో మగవాళ్ళ ఎగతాళిని ఇద్దరూ పంచుకున్నారు. వాళ్ళ వెనక మనవరాళ్ళు, ఊరి ఆడపిల్లలు నడిచారు. స్నేహపూర్వక పోటీ అనే మాటకు నిజమైన అర్థం ఇదే. గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషిని లోపలికి పిలిచి, నువ్వూ ఒకసారి కాల్చి చూడు అనడం. ఆ ఒక్క మాట అనేవాళ్ళు లేక ఎంతమంది చంద్రోలు మనవరాళ్ళ చెప్పులు కాపలా కాస్తూ బయటే కూర్చుండిపోయారో ఎవరికి తెలుసు?

మన దగ్గర హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్ళ వయసులో, జాతీయ పోటీల్లో మను భాకర్‌ను, హీనా సిద్ధూను దాటి ఎయిర్ పిస్టల్ స్వర్ణం గెలిచింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. మనందరికీ గర్వకారణమే. ఆ వెనక ఆమె కష్టంతోపాటు పూర్తిగా అండగా నిలిచిన కుటుంబం ఉంది. అటువంటి అండ లేని అమ్మాయి సంగతేమిటి? పిస్టల్, పెల్లెట్లు, రేంజి ఫీజు, నగర శివార్లలో ఉండే రేంజికి రానుపోను ఖర్చు, ఇవన్నీ భరించగలిగే కుటుంబాలేవో మనకు తెలుసు. వాటి కులం, వర్గం కూడా తెలుసు. తుపాకీ పట్టడం ఈ నేల మీద దొరల వినోదంగా, వేటగా ఉన్న కాలం మరీ పాతదేమీ కాదు. జాతీయ రైఫిల్ అసోసియేషన్ 1951లో ఏర్పడి, లోక్‌సభ మొదటి స్పీకర్ మవలంకర్ అధ్యక్షుడయ్యాక ఈ ఆట పౌరులందరిదీ అన్నారు. పౌరులందరిలో గురుకుల పాఠశాలలో చదివే దళిత, ఆదివాసీ బాలికలు కూడా ఉన్నారు. ఎయిర్ పిస్టల్ రేంజికి కావలసింది పది మీటర్లకు కొంచెం మించిన పొడవున్న హాలు, గట్టి వెనక గోడ, శిక్షకురాలు. 4.5 మిల్లీమీటర్ల వ్యాసానికి, 20 జౌళ్ళ శక్తికి మించని ఎయిర్ పిస్టల్‌కు ఆయుధ లైసెన్సు కూడా అక్కర్లేదు. అడ్డం చట్టం కాదు, ప్రాధాన్యం.

ఇప్పుడు మొదట చెప్పిన రెండో అభ్యంతరానికి రావాలి. స్త్రీల చేతికి పిస్టల్ అనగానే ఆత్మరక్షణ మాట వస్తుంది. క్లబ్బులు కూడా ‘మహిళా సాధికారత’ అని బ్యానర్ కట్టి ఇదే చెబుతాయి. ఈ కలగలుపును మేము గట్టిగా వ్యతిరేకిస్తున్నాం. 2012 డిసెంబరు ఢిల్లీ అత్యాచార ఘటన తర్వాత, 2014 జనవరిలో కాన్పూర్ ఆయుధ కర్మాగారం ‘నిర్భీక్’ అనే పేరుతో అరకిలో బరువున్న రివాల్వర్‌ను స్త్రీల కోసమని విడుదల చేసింది. ధర 1,22,360 రూపాయలు. రాజ్యం పౌరురాలికి ఇవ్వవలసిన రక్షణను లక్షా ఇరవై వేలకు అమ్మకానికి పెట్టింది. కూలికి పోయే స్త్రీ అంత డబ్బు ఎక్కడి నుంచి తెస్తుంది? తెచ్చినా దాన్ని ఎవరి మీద గురిపెడుతుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 30 శాతం భర్త చేతిలో హింస అనుభవించినవాళ్ళు. తెలంగాణలో ఇది దాదాపు 37 శాతం. దాడి చేసేవాడు చీకటి సందులో అపరిచితుడు కాదు, ఇంటి తాళం చెవి ఉన్నవాడు. ఆ ఇంట్లో తుపాకీ ఉంటే అది ఎవరి చేతికి ముందు అందుతుందో మనం ఊహించగలం.

పోటీ పిస్టల్ ఆత్మరక్షణ సాధనం కాదు. పోటీలో ఎదురుగా ఉన్నది కాగితం. గెలవడానికి కోపం, భయం పనికిరావు. రేంజి నియమాల సారమంతా మనిషి వైపు మూతి తిప్పకూడదన్నదే. ఆదేశం రాకుండా గుండు ఎక్కించకూడదు. కాల్పులు ఆపమన్న క్షణాన ఆపాలి. ఖాళీ చేసిన పిస్టల్‌లో అది ఖాళీ అని కనబడేలా సేఫ్టీ ఫ్లాగ్ పెట్టాలి. ఆయుధాన్ని అధికారానికి గుర్తుగా తిప్పుకునే మగతనానికి ఈ క్రమశిక్షణ పూర్తిగా ఎదురు. సాయుధ పోరాటాలు, ఎన్‌కౌంటర్లు, ఫ్యాక్షన్ హత్యలు చూసిన నేల మీద, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల మధ్య పనిచేసేవాళ్ళం మనం. తుపాకీని కీర్తించే మాట మన నోట రాకూడదు. కానీ తుపాకీ మగవాడి సొత్తు అన్న భావనను కూడా మనం కాపాడనక్కర్లేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఆయుధం పట్టిన స్త్రీలను 1951 తర్వాత ఇళ్ళకు పొమ్మన్నారు. అవసరమైనప్పుడు చేతికిచ్చి, అవసరం తీరాక తీసుకోవడాన్ని ఆ స్త్రీలే తమ మాటల్లో నమోదు చేశారు. ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివినవాళ్ళకు అది తెలుసు. ఇప్పుడు కోరుతున్నది యుద్ధంలో చోటు కాదు. ఆటలో, తీరికలో, ఏకాగ్రతలో చోటు. ఆదివారం పొద్దున రెండు గంటలు ఎవరికీ వండిపెట్టకుండా, ఎవరి కోసమూ కాకుండా, ఒక చిన్న నల్లని వలయం వైపు చూస్తూ నిలబడే హక్కు. స్త్రీల తీరిక గురించి మాట్లాడటానికి మన ఉద్యమాలు ఇంకా మొహమాటపడుతున్నాయి. ఆ మొహమాటం పోవాలి.

చివరిగా భద్రత. పిస్టల్ శిక్షణలో కోచ్ వెనక నిలబడి భుజం సరిచేస్తాడు, మోచెయ్యి పైకెత్తుతాడు, నడుము దగ్గర నిలుపు దిద్దుతాడు. నేర్పడానికి అవసరమైన స్పర్శకూ, అదను చూసుకుని చేసే స్పర్శకూ మధ్య గీత ఎక్కడుందో ఆ అమ్మాయికి తెలుసు. చెప్పడానికే ఆమెకు చోటు లేదు. అందరూ స్నేహితులే అయినచోట ఫిర్యాదు చేయడమంటే స్నేహం చెడగొట్టడం. 2023లో మల్లయోధురాళ్ళు జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చోవలసి వచ్చింది. ప్రపంచ పతకాలున్నవాళ్ళకే వినే దిక్కు లేకపోతే క్లబ్బులో మూడో వారం సాధన చేస్తున్న అమ్మాయి ఎవరితో చెప్పుకుంటుంది?

చట్టం మాత్రం ఆమె పక్షాన ఉంది, ఈ సంగతి క్లబ్బులకూ మనకూ కూడా సరిగ్గా తెలియదు. 2013 నాటి పనిస్థలాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టంలో ‘పనిస్థలం’ నిర్వచనంలోనే క్రీడా సంస్థలు, స్టేడియాలు, శిక్షణ లేదా పోటీ జరిగే ప్రదేశాలు చేరి ఉన్నాయి. ఫిర్యాదు చేసే స్త్రీ అక్కడ ఉద్యోగిని కానక్కర్లేదు. పదిమంది, అంతకు మించి పనిచేసేవాళ్ళున్నచోట అంతర్గత కమిటీ తప్పనిసరి. అంతకన్నా తక్కువైతే జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. సంఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలల గడువు ఇవ్వవచ్చు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ఉంది. నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పకపోతే అది కూడా నేరమే. క్లబ్బు పరువు కోసం లోపల్లోపల సర్దుబాటు చేయడం కుదరదు. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం జాతీయ సమాఖ్యల కార్యవర్గాల్లో స్త్రీలకు స్థానం తప్పనిసరి చేసింది. అది ఊళ్ళో క్లబ్బు దాకా దానంతటదే దిగిరాదు. దింపవలసింది మనమే.

అందుకే ఈ కింది విషయాలు క్లబ్బుల ముందు, జిల్లా, రాష్ట్ర రైఫిల్ సంఘాల ముందు, రెండు రాష్ట్రాల క్రీడా ప్రాధికార సంస్థల ముందు పెడుతున్నాం.

1. ఫ్రెండ్లీ మ్యాచ్‌లో అందరి స్కోర్లూ ఒకే జాబితాలో ప్రకటించాలి. ప్రోత్సాహం కోసం స్త్రీలకు వేరే బహుమతి ఉండవచ్చు. అది ఉమ్మడి జాబితాకు బదులు కాకూడదు.

2. పోటీ తేదీ, షాట్ల సంఖ్య, ఫీజు, ఎంట్రీ గడువు, క్లబ్బు పిస్టల్ ఎవరికి ఏ సమయంలో ఇస్తారన్నది రాసి బోర్డు మీద పెట్టాలి. పోటీల వేళలు నిర్ణయించే ముందు స్త్రీలను అడగాలి.

3. ప్రతి క్లబ్బులోనూ చిన్న సైజు పిడి ఉన్న పిస్టల్ కనీసం ఒకటి ఉండాలి. తలుపు గడియ సరిగ్గా పడే, నీళ్ళు వచ్చే మరుగుదొడ్డి ఉండాలి. దీనికి నిధులు లేవనే క్లబ్బు కప్పుల ఖర్చు తగ్గించుకోవచ్చు.

4. శిక్షణలో ముట్టుకునే ముందు అడగాలి. మాటతో, చేసి చూపడంతో సరిపోయేచోట ముట్టుకోకూడదు. ఈ నియమం తెలుగులో రాసి రేంజి గోడ మీద ఉండాలి. దాని కింద స్థానిక కమిటీ చిరునామా ఉండాలి.

5. పెల్లెట్లలో, తూటాల్లో సీసం ఉంటుంది. గర్భిణులకు, పిల్లలకు అది మరీ హాని. మూసిన రేంజిల్లో గాలి మార్పిడి, కాల్చాక చేతులు కడుక్కునే ఏర్పాటు క్లబ్బు బాధ్యత. ఆ బాధ్యతను తప్పించుకోవడానికి గర్భిణులను రావద్దనడం పరిష్కారం కాదు.

6. గురుకుల, ప్రభుత్వ బాలికల పాఠశాలల్లో జిల్లాకు ఒకటైనా ఎయిర్ పిస్టల్ హాలు ఏర్పాటు చేసి మహిళా శిక్షకులను నియమించాలి. క్లబ్బులు నెలకొకసారైనా ఆ పిల్లలకు ఫీజు లేకుండా తలుపులు తెరవాలి.

7. రేంజి ఆఫీసర్లుగా, స్కోరర్లుగా, కార్యవర్గ సభ్యులుగా స్త్రీలుండాలి. టీ అందించే కమిటీలో మాత్రమే కాదు.

ఈ కోరికల్లో విప్లవమేమీ లేదు. అన్నీ ఒక నెలలో మొదలుపెట్టదగ్గవే. మన సంఘాలు చేయవలసిన పని కూడా ఉంది. మీ పట్టణంలో క్లబ్బు ఉంటే నలుగురైదుగురు కలిసి ఒక ఆదివారం వెళ్ళండి. స్త్రీ సభ్యులెందరో, వాళ్ళలో కిందటి మ్యాచ్‌లో కాల్చిందెందరో, మానేసినవాళ్ళు ఎందుకు మానేశారో కనుక్కోండి. మానేసినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మాట్లాడండి. అసలు సంగతి వాళ్ళ దగ్గరే ఉంటుంది. స్థానిక కమిటీ మీ జిల్లాలో పనిచేస్తున్నదో, కాగితం మీదే ఉన్నదో కలెక్టరు కార్యాలయంలో అడగండి. తెలిసినవన్నీ పత్రికకు రాసి పంపండి.

స్నేహం మంచిదే. కానీ సమానులు కాని వాళ్ళ మధ్య స్నేహం ఒకరి దయ మీద నడుస్తుంది. దయకు గడువు ఉంటుంది, హక్కుకు ఉండదు. పది మీటర్ల దూరంలో ఉన్న కాగితానికి కాల్చినవాళ్ళు ఆడవాళ్ళో మగవాళ్ళో తెలియదు. ఎక్కడ తగిలిందో అక్కడే చిల్లు పడుతుంది. ఆ కాగితం పాటించే న్యాయాన్ని స్కోరు రాసే చెయ్యి కూడా పాటించాలని అడుగుతున్నాం.